డోసు ఎం.ఎల్.లో అడగొద్దు: పశువైద్య సహాయకులకు మందుల పని, మొదటి నుంచి చివరి దాకా

"అన్నా, మెలాక్సికామ్ ఆవుకి ఎన్ని ఎం.ఎల్.?" కొత్తగా పనిలో చేరిన పిల్లలు నన్ను ఎక్కువగా అడిగే ప్రశ్న ఇది. మెలాక్సికామ్ అంటే నొప్పి మందు. నేను జవాబు చెప్పను. ఆవు బరువెంత, చేతిలో ఉన్న సీసా మీద ఒక మి.లీ.లో ఎన్ని మి.గ్రా. ఉందని రాశారు అని తిరిగి అడుగుతాను. ఆ రెండూ తెలియకుండా ఎం.ఎల్. చెప్పేవాడు గుడ్డిగా చెబుతున్నట్టే.

డిప్లొమా చేసి పశువైద్యశాలలో చేరినవాళ్ళకి, సంచార వాహనంలో డాక్టరు పక్కన పనిచేసేవాళ్ళకి, కుక్కల క్లినిక్కులో సహాయకులుగా ఉన్నవాళ్ళకి పనికొచ్చేలా ఇది రాస్తున్నాను. మందులు ఎలా కనిపెట్టారు, ఎన్ని రకాలు అనే పాఠం ఇందులో లేదు. డాక్టరు చీటీ రాసిన దగ్గర నుంచి, సూది పారేసి రిజిస్టరు మూసేదాకా చేతిలో జరగాల్సిన పని మాత్రమే ఉంది.

1. ముందు మన హద్దు

ఏ జబ్బు, ఏ మందు అన్నది తేల్చేది రిజిస్టర్డ్ పశువైద్యులు. 1984 నాటి భారత పశువైద్య మండలి చట్టం డిప్లొమావాళ్ళకి చిన్నపాటి సేవలు చేసే వీలిచ్చింది. అదీ రాష్ట్ర ప్రభుత్వం అనుమతించిన మేరకు, డాక్టరు పర్యవేక్షణలోనే. కింద నేను ఇచ్చిన డోసులన్నీ లెక్క నేర్పడానికే. మీ ముందున్న పశువుకి డోసు డాక్టరు చీటీలోదే.

అలాగని చీటీలో ఏముంటే అది కళ్ళు మూసుకుని ఎక్కించడమూ మన పని కాదు. లెక్క తేడాగా వస్తే "సార్, ఒక్కసారి చూస్తారా" అని అడగాలి. అడిగితే ఏమనుకుంటారో అని టెన్షన్ పడొద్దు. మంచి డాక్టరు విసుక్కోడు.

2. సీసా తెరిచే ముందు బల్ల మీద ఉండాల్సినవి

- కాలిక్యులేటర్, లేదా ఫోన్. నోటి లెక్క వద్దు.
- కొలత టేపు.
- 1, 2, 5, 10, 20 మి.లీ. సిరంజిలు. అర మి.లీ. మందుని 10 మి.లీ. సిరంజిలో కొలవలేం.
- సూదులు: ఆవు, గేదెకి 16 నుంచి 18 గేజి, గొర్రె, మేకకి 18 నుంచి 20, కుక్క, పిల్లికి 22 నుంచి 24. నంబరు పెరిగేకొద్దీ సూది సన్నబడుతుంది.
- స్పిరిట్, దూది, గ్లవ్స్, స్టెతస్కోపు, థర్మామీటరు.
- అడ్రినలిన్ ఆంప్యూల్ (మందు పడక పశువు కూలబడితే వాడేది). బీరువాలో తాళం వేసి కాదు, చేతికందే చోట.
- వాడిన సూదులు వేసే గట్టి డబ్బా.

పిల్లులకి, కుక్కపిల్లలకి మందు కొలవడానికి కొందరు ఇన్సులిన్ సిరంజి తీస్తారు. దాని మీద ఉండేవి యూనిట్ల గీతలు. ఒకదాంట్లో మి.లీ.కి 40, ఇంకోదాంట్లో 100. ఆ గీతల్ని మి.లీ. పాయింట్లుగా లెక్కేస్తే డోసు తారుమారవుతుంది. మి.లీ. గీతలున్న 1 మి.లీ. సిరంజే వాడండి.

3. లేబుల్ చదివే వరుస

బ్రాండు పేరు చూసి సీసా అందుకోవద్దు. ఒకే కంపెనీ ఒకే రంగు డబ్బాలో రెండు మూడు మందులు పెడుతుంది. చదవాల్సిన వరుస ఇది:

- అసలు మందు పేరు. పెద్ద అక్షరాల కింద చిన్న అక్షరాల్లో ఉండేది.
- ఒక మి.లీ.లో ఎన్ని మి.గ్రా.
- ఏ పశువుకి, ఏ దారిలో ఇవ్వాలి.
- గడువు తేదీ. సీసా ముందే తెరిచి ఉంటే ఎప్పుడు తెరిచారో ఆ తేదీ.
- పాలు, మాంసం ఎన్ని రోజులు ఆపాలి.
- రంగు, తేటదనం. ఆక్సీటెట్రాసైక్లిన్ నల్లబడితే పారేయండి. తేటగా ఉండాల్సిన మందులో నలక కనిపిస్తే అదీ అంతే.

సీసా పేరు మూడుసార్లు చదవండి: అరలోంచి తీసేటప్పుడు, సిరంజిలోకి లాగేటప్పుడు, తిరిగి పెట్టేటప్పుడు. మూడోసారి చదివినప్పుడే తప్పు పట్టుకున్న రోజులు నాకున్నాయి. అప్పటికి మందు ఇంకా సిరంజిలోనే ఉంది.

చీటీ మీద పొట్టి అక్షరాలు: ఐ.ఎం. అంటే కండకి, ఐ.వి. నరానికి (రక్తం పారే సిరకి), ఎస్.సి. చర్మం కింద, పి.ఓ. నోటి ద్వారా. ఎస్.ఐ.డి. అంటే రోజుకొకసారి, బి.ఐ.డి. రెండుసార్లు, టి.ఐ.డి. మూడుసార్లు. రాత అర్థం కాకపోతే ఊహించకుండా అడగండి.

4. బరువు: అందాజా చాలదు

"ఆవంటే మూడొందల కేజీలు" అనుకోవడం మన దగ్గర పాతుకుపోయిన అలవాటు. పుంగనూరు ఆవు 200 కేజీలు కూడా తూగకపోవచ్చు. ఒంగోలు ఎద్దు 500 దాటుతుంది. రెండింటికీ ఒకే డోసు వేస్తే ఒకదానికి ఎక్కువ, ఇంకోదానికి తక్కువ.

కాటా లేనిచోట టేపు చాలు. పశువుని చదునైన నేల మీద నిలబెట్టి రెండు కొలతలు అంగుళాల్లో తీయండి.

- ఛాతీ చుట్టుకొలత: ముందు కాళ్ళ వెనకగా, టేపు బిగించకుండా.
- పొడవు: భుజం ముందు ఎముక నుంచి తోక పక్కనుండే పిరుదు ఎముక చివర దాకా.

చుట్టుకొలతని చుట్టుకొలతతో గుణించి, దాన్ని పొడవుతో గుణించి, 660తో భాగిస్తే బరువు కేజీల్లో వస్తుంది. చుట్టుకొలత 64, పొడవు 54 అనుకుందాం. 64 × 64 = 4096. దాన్ని 54తో గుణిస్తే 2,21,184. 660తో భాగిస్తే 335 కేజీలు.

నిండు చూడి పశువులో ఈ లెక్క కొంచెం తేడా వస్తుంది. అయినా కంటి అందాజా కన్నా నయం. కుక్కని ఎత్తుకుని కాటా ఎక్కి, తర్వాత మీ బరువు తీసేయండి. కుక్క, పిల్లి విషయంలో అందాజా అసలే వద్దు.

5. డోసు లెక్క

సూత్రం ఒక్కటే:

బరువు (కేజీలు) × డోసు (కేజీకి మి.గ్రా.) ÷ మందు బలం (మి.లీ.కి మి.గ్రా.) = ఇవ్వాల్సిన మి.లీ.

మెలాక్సికామ్‌తోనే చూద్దాం. ఆవుకి కేజీకి 0.5 మి.గ్రా. అని చీటీ. ఆవు 300 కేజీలు, అంటే 150 మి.గ్రా. సీసాలో మి.లీ.కి 5 మి.గ్రా. ఉంటే 30 మి.లీ. అదే మందు మి.లీ.కి 20 మి.గ్రా. బలంతోనూ దొరుకుతుంది. అప్పుడు 7.5 మి.లీ. చాలు. "మెలాక్సికామ్ అంటే 30 ఎం.ఎల్." అని గుర్తుపెట్టుకున్నవాడు రెండో సీసాతో నాలుగింతల మందు ఎక్కిస్తాడు. మొదట్లో నేను జవాబు చెప్పకపోవడానికి కారణం ఇదే.

సీసా మీద శాతం రాసి ఉంటే దాన్ని 10తో గుణించండి. 1 శాతం అంటే 100 మి.లీ.లో 1 గ్రాము, అంటే మి.లీ.కి 10 మి.గ్రా. 2.5 శాతమైతే 25, 10 శాతమైతే 100. ఐవర్‌మెక్టిన్ (నట్టలకి, గోమార్లకి వాడే మందు) 1 శాతం సూదిమందు కేజీకి 0.2 మి.గ్రా. చొప్పున ఇవ్వాలంటే ప్రతి 50 కేజీలకి 1 మి.లీ. ఎందుకో ఒకసారి మీరే లెక్క వేసి చూడండి.

పెన్సిలిన్ యూనిట్లలో ఉంటుంది. 40 లక్షల యూనిట్ల పొడి వయల్‌లో 10 మి.లీ. ఇంజెక్షన్ నీళ్ళు (స్టెరైల్ వాటర్) కలిపితే సుమారుగా మి.లీ.కి 4 లక్షలు. కేజీకి 10 వేల చొప్పున 300 కేజీల పశువుకి 30 లక్షలు కావాలి, అంటే 7.5 మి.లీ. పొడి కరిగాక మొత్తం కాస్త పెరుగుతుంది కాబట్టి లేబుల్ ఎంత చెబితే అంతే నీళ్ళు పోయండి.

ఇక నా తప్పు ఒకటి చెప్పాలి. పనిలో చేరిన మొదటి ఏడు. పొద్దున కుక్కల ఆపరేషన్ల క్యాంపు. మత్తుమందు జైలజిన్, మి.లీ.కి 20 మి.గ్రా. సీసా. కేజీకి 1 మి.గ్రా. చొప్పున 20 కేజీల కుక్కకి 1 మి.లీ. వరసగా అదే వేస్తూ వచ్చాను. మధ్యాహ్నం ఒక పెయ్యని తెచ్చారు, 200 కేజీలు ఉంటుంది. కొమ్ముకి పని చేయాలి. "కాస్త జైలజిన్ లాగు" అన్నారు డాక్టరుగారు. కుక్కకే ఒక మి.లీ. పడితే దీనికి తక్కువలో తక్కువ అయిదైనా కావాలి కదా అనుకుని 5 లాగేశాను.

ఆయన సిరంజి అందుకుని, గుచ్చకుండా ఆగారు. "ఎన్ని మిల్లీగ్రాములు?"

"అయిదు ఎం.ఎల్. సార్."

"నేనడిగింది అది కాదు."

వంద మి.గ్రా. ఆ పెయ్యకి కావాల్సింది కేజీకి 0.05 చొప్పున పది, అంటే అర మి.లీ. పదింతలు లాగాను. నెమరువేసే పశువులకి జైలజిన్ మహా చురుకు. గుర్రానికి కేజీకి 1 మి.గ్రా. దాకా ఇచ్చే మందు ఆవుకి అందులో పదో వంతు చాలు. మేకలకి ఇంకా జాగ్రత్త. ఒళ్ళు పెద్దదైతే మందూ ఎక్కువే అనే లెక్క అన్ని మందులకీ చెల్లదు. ఆ రోజు నుంచి సిరంజి అందించేటప్పుడు ముందు మి.గ్రా., తర్వాతే మి.లీ. పైకి చెబుతున్నాను. మీరూ చెప్పండి.

ఇక్కడ జరిగే తప్పులు, వాటికి విరుగుడు:

- పాయింటు జారడం: 0.5ని 5గా చదవడం. పాయింటు ముందు సున్నా తప్పకుండా రాయండి. 5.0 అని మాత్రం రాయొద్దు, 50లా కనిపిస్తుంది.
- నట్టల మందు మందకంతా బక్క గొర్రె లెక్కన పోయడం. తక్కువ డోసుకి నట్టలు చావవు, మందుకి అలవాటుపడతాయి. ఆ గుంపులో బరువైనదాన్ని తూచి లెక్క కట్టండి. పిల్లల్ని వేరు చేయండి.
- మందు పోసే గన్ను కొలత తప్పడం. పని మొదలుపెట్టే ముందు పదిసార్లు కొలపాత్రలోకి నొక్కి చూడండి. 6 మి.లీ.కి పెట్టిన గన్ను పదిసార్లకి 60 ఇవ్వాలి.

6. లోపలికి వెళ్ళాక మందు ఏం చేస్తుంది

పుస్తకం మొత్తం అక్కర్లేదు, నాలుగు మాటలు చాలు. మందు రక్తంలోకి చేరుతుంది, ఒంటినిండా పాకుతుంది, ఎక్కువగా కాలేయంలో విరుగుతుంది, మూత్రం, పేడ, పాల గుండా బయటకి పోతుంది. మనం పాటించే ప్రతి నియమం వీటిలో ఏదో ఒకదాని నుంచి వచ్చిందే.

నరానికిస్తే వెంటనే, కండకిస్తే కొంచెం ఆగి, చర్మం కిందైతే ఇంకా నిదానంగా రక్తంలో చేరుతుంది. 12 గంటలకోసారి అన్న మందుని రైతు వీలు చూసుకుని రోజుకోసారి ఇస్తే మధ్యలో సగం రోజు రక్తంలో మందు చాలినంత ఉండదు. ఆ సందులోనే సూక్ష్మజీవి కోలుకుంటుంది. అయిదు రోజుల కోర్సుని పశువు మేత మేసిందని రెండో రోజే ఆపితే జరిగేదీ అదే.

పిల్లి కాలేయం కొన్ని మందుల్ని విరవలేదు. పారాసిటమాల్ అందులో ఒకటి. ఇంట్లో వాళ్ళు జ్వరమని ఒక్క మాత్ర వేస్తే చాలు, పిల్లి ప్రాణం పోవచ్చు. ఫోన్ చేసినవాళ్ళకి ముందు ఈ మాట చెప్పండి.

ఎప్పుడైనా చూసుకోవడానికి వీలుగా గోడకి అంటించాల్సినవి:

- పిల్లి: పారాసిటమాల్ వద్దు. కుక్కల గోమార్లకి వాడే పెర్మెత్రిన్ వద్దు. ఎన్రోఫ్లాక్సాసిన్ (యాంటీబయాటిక్) రోజుకి కేజీకి 5 మి.గ్రా. దాటితే చూపు పోయే ప్రమాదం.
- కోలీ జాతి కుక్కలు, వాటి కలగలుపు: ఐవర్‌మెక్టిన్ అంటే ఆగి డాక్టరుని అడగండి.
- ఎదిగే కుక్కపిల్లలు: ఎన్రోఫ్లాక్సాసిన్ కీళ్ళకి చేటు.
- చూడి పశువులు: డెక్సామెథాసోన్ చివరి నెలల్లో ఈసుకుపోయేలా చేస్తుంది. చూడి మొదట్లో నట్టల మందు ఆల్బెండజోల్ వద్దు. చివరి నెలల్లో జైలజిన్ వద్దు.
- మెలాక్సికామ్ లాంటి నొప్పి మందు, డెక్సామెథాసోన్ లాంటి స్టెరాయిడ్ రెండూ కలిపి వద్దు. కడుపులో పుండ్లు పడతాయి.

డైక్లోఫెనాక్ అనే నొప్పి మందు సంగతి వేరే చెప్పాలి. పశువులకి దీన్ని 2006లోనే నిషేధించారు. ఈ మందు పడిన పశువు చచ్చాక ఆ కళేబరం తిన్న రాబందులు మూత్రపిండాలు చెడి చచ్చిపోతాయి. 2023లో కీటోప్రొఫెన్, ఎసిక్లోఫెనాక్ కూడా ఆ వరసలో చేరాయి. రైతు మనుషుల మందుల షాపులో కొన్న డైక్లోఫెనాక్ 3 మి.లీ. ఆంప్యూల్స్ పది పట్టుకొచ్చి "ఇది వేయి బాబూ, చప్పున లేస్తది" అంటాడు. వేయొద్దు. రాబందులు తినాల్సింది మన పక్క ఊళ్ళ కళేబరాలే.

7. మందు ఇచ్చే దారులు

కండకి. పెద్ద పశువుకి మెడ కండ మంచిది. ఒక్కచోట 10 మి.లీ. దాటించొద్దు. పైన లెక్క కట్టిన 30 మి.లీ. మెలాక్సికామ్ కండకి ఇవ్వాలంటే మూడు చోట్ల వేయాలి. మేక పిల్లలకి, బక్క దూడలకి పిరుదు, తొడ వెనక గుచ్చితే కాలిని కదిలించే నరం (సిర కాదు, నర్వ్) దెబ్బతిని కాలు ఈడుస్తాయి.

సూది గుచ్చాక పిస్టన్ కొంచెం వెనక్కి లాగి చూడండి. రక్తం వస్తే తీసి ఇంకోచోట గుచ్చండి. ప్రొకెయిన్ పెన్సిలిన్ నరంలోకి పోతే పశువు అక్కడికక్కడే గిలగిల్లాడుతుంది. ఈ ఒక్క లాగుడు మర్చిపోకండి.

చర్మం కింద. మెడ పక్కనో భుజం వెనకో వదులు చర్మాన్ని గుడారంలా పైకెత్తి, దాని అడుగున గుచ్చండి. సూది కొన లోపల అటూ ఇటూ తేలిగ్గా కదలాలి. కదలకపోతే కండలోనో చర్మంలోనో ఉందన్నమాట. అవతలి వైపు చర్మంలోంచి బయటకొచ్చి బొచ్చు తడిసినా చూసుకోకపోవడం కొత్తవాళ్ళు తరచూ చేసే తప్పు.

నరానికి. డాక్టరు చెబితేనే. మెడ గాడిలో కింది భాగాన బొటనవేలితో నొక్కితే పైన నరం ఉబ్బుతుంది. ముదురు రక్తం నిలకడగా కారితే సరైన చోటు. ఎర్రగా చిమ్మితే ధమని, వెంటనే తీసి అయిదు నిమిషాలు గట్టిగా అదిమి పట్టండి. మందు నరం బయటకి కారితే వాచి, కుళ్ళి ఊడుతుంది. పశువు తల విదిలించిన ప్రతిసారీ సూది నరంలోనే ఉందో లేదో మళ్ళీ చూసుకోండి.

నోటి ద్వారా. తేలికనుకుంటాం కానీ గొట్టంతో మందు పోసి చంపుకున్న పశువులు తక్కువేం కాదు. మందు ఊపిరితిత్తుల్లోకి పోతే న్యుమోనియా.

- తల వెన్ను మట్టానికే ఎత్తండి. ఆకాశం వైపు కాదు.
- నాలుక బయటకి లాగి పట్టుకోవద్దు. నాలుక కదలకపోతే మింగలేదు.
- దవడ పక్క సందులోంచి కొంచెం కొంచెంగా పోయండి. గుటక వేశాకే మళ్ళీ.
- దగ్గితే వెంటనే తల వదిలేయండి.
- పడిపోయిన, మత్తుగా ఉన్న పశువుకి ఏదీ పోయొద్దు. పాలజ్వరం (ఈనిన ఆవు రక్తంలో కాల్షియం పడిపోయే జబ్బు) వచ్చిన ఆవు మింగలేదు.

పొదుగులోకి. పాలు పూర్తిగా పిండేయండి. చన్ను కొనని స్పిరిట్ దూదితో తుడిచి ఆరనివ్వండి. ట్యూబు మొన కొంచెమే దూర్చండి, లోతుగా వద్దు. ఒక ట్యూబు ఒక చన్నుకే. మిగిలింది పక్క చన్నుకి వాడితే జబ్బు మనమే అంటించినవాళ్ళం.

8. కాల్షియం సీసా: దగ్గరుండి చూడాల్సిన పని

ఈనిన మర్నాడు ఆవు లేవలేక తల డొక్క మీదికి తిప్పుకుని పడుకుంది. చెవులు చల్లగా ఉన్నాయి. డాక్టరు పాలజ్వరమని తేల్చి 450 మి.లీ. కాల్షియం బోరోగ్లూకోనేట్ రాశారు. ఈ మందుతో ఆవు మీ కళ్ళ ముందే లేచి నిలబడుతుంది, తొందరపడితే మీ కళ్ళ ముందే గుండె ఆగిపోతుంది.

1) సీసాని గోరువెచ్చని నీళ్ళ బక్కెట్లో ఉంచి ఒంటి వేడికి తేండి.

2) ఆవుని రొమ్ము మీద కూర్చోబెట్టి పక్కన గడ్డి మూట ఆనించండి. పక్కకి వాలి పడుకుంటే కడుపు ఉబ్బుతుంది.

3) గొట్టంలో గాలి అంతా పోయి మందు ధారగా వచ్చాకే సూదికి తగిలించండి.

4) సీసా ఎంత పైకెత్తితే అంత జోరుగా దిగుతుంది. ఆవు భుజం ఎత్తు దాటించొద్దు. నరానికి ఇచ్చేదానికి పది, పదిహేను నిమిషాలైనా పట్టాలి. మొత్తం నరానికా, కొంత చర్మం కిందా అన్నది డాక్టరు చెబుతారు. డెక్స్‌ట్రోజ్ కలిసిన రకమైతే చర్మం కింద వేయొద్దు, చీము పడుతుంది.

5) ఎడమ మోచేయి వెనక స్టెతస్కోపు పెట్టి ఒకరు వింటూనే ఉండాలి. కొట్టుకోవడం తడబడినా, ఉన్నట్టుండి మందగించినా గొట్టం నొక్కేయండి. సర్దుకున్నాక నిదానంగా మళ్ళీ.

6) ముట్టె మీద చెమట ముత్యాలు రావడం, కండలు వణకడం, తేన్పులు, పేడ వేయడం మంచి గుర్తులు. అప్పుడు రైతు ముఖం చూడాలి మీరు.

7) వెళ్ళేముందు రైతుకి చెప్పండి: "ఈ రోజుకి పాలన్నీ పిండొద్దమ్మా, దూడకి సరిపడా తీయండి చాలు." అన్నీ పిండితే రాత్రికి మళ్ళీ పడిపోవచ్చు.

9. డ్రిప్ చుక్కల లెక్క

పార్వో (వాంతులు, విరేచనాలు పట్టే వైరస్ జబ్బు) వచ్చిన కుక్కపిల్ల, 10 కేజీలు, ఒంట్లో నీరు 8 శాతం తగ్గిందన్నారు డాక్టరు. పోయిన నీరు: 10 కేజీల్లో 8 శాతం, అంటే 800 మి.లీ. రోజు గడవడానికి కేజీకి 50 చొప్పున 500. మొత్తం 1300 మి.లీ., 24 గంటల్లో. గంటకి సుమారు 54.

మామూలు డ్రిప్ సెట్టులో 20 చుక్కలు ఒక మి.లీ. 54 × 20 ÷ 60 = నిమిషానికి 18 చుక్కలు. పది సెకన్లకి మూడు. గడియారం ముందు పెట్టుకుని సరిచేయండి. 60 చుక్కల మైక్రో సెట్టయితే లెక్కే అక్కర్లేదు, గంటకి ఎన్ని మి.లీ.నో నిమిషానికి అన్ని చుక్కలు.

వాంతులు, విరేచనాలు ఆగకపోతే ఆ నష్టం కూడా కలపాలి, ఆ అంకె డాక్టరు చెబుతారు. గంటకోసారి సీసా మీద గీత గీసి టైము రాయండి. కుక్క కాలు మడిచిందంటే డ్రిప్ ఆగిపోయి ఉంటుంది.

10. ఒకే సిరంజిలో రెండు మందులు

రెండు పోట్లెందుకని కలిపేస్తుంటారు. మానేయండి. సెఫ్ట్రియాక్సోన్, కాల్షియం కలిస్తే తెల్లగా గడ్డకడుతుంది. రింగర్ లాక్టేట్‌లోనూ కాల్షియం ఉందని మర్చిపోవద్దు. పెన్సిలిన్, జెంటామైసిన్ కలిస్తే కంటికి ఏమీ కనబడకుండానే జెంటామైసిన్ పస తగ్గుతుంది. తేటగా ఉందంటే బాగున్నట్టు కాదు.

సెఫ్ట్రియాక్సోన్ పొడి వయల్‌ని దానితో ఇచ్చిన నీళ్ళతోనే కలపండి. పూర్తిగా కరిగాకే లాగండి.

11. సూది వేయగానే పశువు తేడాగా ఉంటే

సూది వేసి వెంటనే బండెక్కొద్దు. పావుగంట, వీలైతే అరగంట ఉండండి. ముఖం వాపు, ఒళ్ళంతా దద్దుర్లు, ఎగశ్వాస, నురగ, కూలబడటం కనిపిస్తే:

- మందు ఆపండి. డ్రిప్ అయితే గొట్టం మూయండి, సూది తీయొద్దు. ఆ దారి కావాలి.
- డాక్టరుకి ఫోన్. స్పీకర్లో పెట్టండి.
- అడ్రినలిన్ 1:1000 అంటే మి.లీ.కి 1 మి.గ్రా. కేజీకి 0.01 మి.గ్రా. కండకి అంటే ప్రతి 100 కేజీలకి 1 మి.లీ. 20 కేజీల కుక్కకి 0.2 మి.లీ. మాత్రమే. ఈ అంకెలు మీ డాక్టరుతో ముందే మాట్లాడుకుని మూత మీద రాసి పెట్టుకోండి. ఆ గాభరాలో లెక్క రాదు.
- ఏ మందు, ఏ బ్యాచ్, ఎంత, ఎన్ని గంటలకి అన్నది రాసుకోండి.

12. పాలు, మాంసం ఆపే రోజులు

మందు పాలలోకి వస్తుందని పైన చెప్పుకున్నాం. ఎన్ని రోజులన్నది లేబుల్ మీద ఉంటుంది. లేకపోతే 2012లో వచ్చిన నియమం ప్రకారం పాలకి, గుడ్లకి తక్కువలో తక్కువ 7 రోజులు, కోడి, పశువుల మాంసానికి 28 రోజులు.

రైతుకి ఇది చెప్పడం కష్టం. వారం పాలు పారబోయాలంటే ఎవరికి మనసొప్పుతుంది? "కేంద్రంలో పోయొద్దు" అని వదిలేస్తే పోస్తారు. తేదీతో చెప్పండి: "పెద్దాయనా, బుధవారం సాయంత్రం దాకా ఈ గేదె పాలు వేరు. గురువారం పొద్దున్నుంచి పోసుకో." చీటీ మీద ఆ తేదీ రాసి కొట్టంలో మేకుకి గుచ్చమనండి. ఇంట్లో పాలు పిండేది ఆమె అయితే, ఆమెకే చెప్పండి.

పాలు చేపడానికని ఆక్సిటోసిన్ వేయమంటే కుదరదని చెప్పండి. పాడి పెంచడానికి ఇలా సూది వేయడం జంతు హింస నివారణ చట్టం కింద నేరం.

13. నిల్వ, రిజిస్టరు, మన ఒళ్ళు

టీకాలు 2 నుంచి 8 డిగ్రీల మధ్య, ఫ్రిజ్ తలుపు అరలో కాదు, లోపల. గాలికుంటు టీకా గడ్డకడితే కరిగించి వాడొద్దు, అది పనికిరాదు. ఐస్ బాక్సులో సీసా ఐసుకి నేరుగా తగలకుండా గుడ్డ చుట్టండి.

రిజిస్టరులో ఒక వరుస ఇలా ఉండాలి: తేదీ, టైము, చెవి పోగు నంబరు, బరువు, మందు, బ్యాచ్, మి.గ్రా., మి.లీ., దారి, చోటు, పాలు ఆపే తేదీ, సంతకం. "సూది వేయబడింది" అని రాసే రిజిస్టరుతో మర్నాడు వచ్చే మనిషికి ఏ ఉపయోగమూ లేదు.

ఎద కోసం వాడే క్లోప్రోస్టెనాల్ చర్మం గుండా ఒంట్లోకి ఇంకుతుంది. గర్భిణులు, ఆస్తమా ఉన్నవాళ్ళు దాన్ని ముట్టుకోకూడదు. మిగతావాళ్ళూ గ్లవ్స్ వేసుకోవాలి, ఒలికితే వెంటనే సబ్బుతో కడుక్కోవాలి.

బ్రూసెల్లా (పశువులు ఈసుకుపోయే, మనుషులకీ అంటే జబ్బు) ఎస్-19 టీకా 4 నుంచి 8 నెలల పెయ్యదూడలకే. అందులో ఉన్నది బతికున్న సూక్ష్మజీవి. దూడ తన్నితే ఆ సూది మన వేలికి దిగుతుంది, కంటిలో చిమ్ముతుంది. అద్దాలు, గ్లవ్స్ లేకుండా ఆ క్యాంపుకి వెళ్ళొద్దు. వాడిన సూదికి మళ్ళీ మూత పెట్టొద్దు, నేరుగా డబ్బాలోకి వేయండి. ఒకవేళ గుచ్చుకుంటే సబ్బుతో, పారే నీళ్ళతో కడిగి, కంట్లో పడితే నీళ్ళతో బాగా కడిగి, అదే రోజు మనుషుల డాక్టరు దగ్గరికి వెళ్ళండి. ఖాళీ టీకా సీసా జేబులో వేసుకుని వెళ్ళండి. చాలామంది డాక్టర్లకి ఆ పేరు కొత్తగా ఉంటుంది, లేబుల్ చూపిస్తే పని తేలికవుతుంది.